టర్బో కారులో ఆక్సిజన్ సెన్సర్ ఎక్కడ పెట్టాలి? ఎందుకు కాలిపోతుంది?

పోయిన ఏడాది మా ఫ్రెండ్ ఒకడు తన టర్బో పెట్రోల్ కారుకి రీమ్యాప్ చేయిద్దామని వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ కొన్నాడు. షాపులో వాళ్ళు దాన్ని టర్బోకి ముందు, మానిఫోల్డ్ మీదే బిగించేశారు. ఇంజిన్‌కి ఎంత దగ్గరుంటే అంత కరెక్ట్‌గా చెప్తుంది అన్నారట. నిజం చెప్పాలంటే నాకూ అప్పుడు సరైన మాటే అనిపించింది. నెల తిరక్కుండా సెన్సర్ పోయింది. అది చిన్న నష్టం. పోయేలోపు అది చెప్పిన అబద్ధాలే అసలు ప్రమాదం.

ముందు వేడి సంగతి. సెన్సర్ లోపల జిర్కోనియా అనే సిరామిక్ ముక్క ఉంటుంది. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్‌నే తీసుకోండి, బయట ఎక్కువగా దొరికేది అదే. ఆ ముక్క దాదాపు 780 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. ఆ వేడి కోసం లోపలే చిన్న హీటర్ ఉంటుంది. పొగ బాగా వేడెక్కితే కంట్రోలర్ హీటర్‌ని తగ్గిస్తుంది, ఆపేస్తుంది. అంతే, చల్లబరచడం దాని చేతిలో లేదు. పొగ వేడి 930 డిగ్రీల వరకు ఓకే, 1030 కాసేపే తట్టుకుంటుంది. బయట స్పానర్ పెట్టే ఆరు పలకల భాగానికి 600 దాటకూడదు. గట్టిగా తొక్కితే పెట్రోల్ టర్బోకి ముందు పొగే 900 నుంచి 1000 దాకా పోతుంది. ఇంక మిగిలిందేముంది?

ఇప్పుడు అబద్ధాల సంగతి. టర్బైన్‌ని తిప్పాలి కాబట్టి దానికి ముందు పొగ ఒత్తిడి ఎక్కువ. ఒత్తిడి పెరిగితే ఈ సెన్సర్ ఉన్నదాన్ని పెంచి చెప్తుంది. పెట్రోల్ కాస్త ఎక్కువైతే చాలా ఎక్కువైనట్టు చూపిస్తుంది. 12 ఉండాల్సిన రీడింగ్ 11.5 కనిపించిందనుకోండి, ట్యూనర్ ఏం చేస్తాడు? పెట్రోల్ తగ్గిస్తాడు. అదీ ఫుల్ బూస్ట్‌లో! నాకింగ్ మొదలై, చివరికి పిస్టన్ కరిగే దాకా వెళ్ళొచ్చు.

అందుకే టర్బో దాటాక, డౌన్‌పైప్‌లో 60 నుంచి 90 సెంటీమీటర్ల దూరంలో, క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందు పెట్టాలి. టర్బైన్‌ని తిప్పేసరికి పొగలో వేడి, ఒత్తిడి రెండూ తగ్గుతాయి. కంపెనీ సెన్సర్ చాలా కార్లలో టర్బో పక్కనే ఉంటుంది కదా అంటారేమో. నిజమే, కానీ వాళ్ళు ఆ చోటుకి తగ్గట్టు వేడి కొలిచి, ఈసీయూ ప్రోగ్రామ్ రాసుకుంటారు. మన వెల్డింగ్ షాపులో ఎవరు కొలుస్తారు?

మరీ వెనక్కి వెళ్ళినా తంటానే. జాయింట్ దగ్గర లీక్ ఉంటే బయటి గాలి కలిసి రీడింగ్ తప్పుతుంది. పైగా పొద్దున స్టార్ట్ చేయగానే చల్లటి పైపులో నీళ్ళు చేరతాయి. ఎర్రగా కాలిన సిరామిక్ మీద చుక్క పడితే లాంతరు గ్లాసు పగిలినట్టే. అందుకే సెన్సర్‌ని పైపు పైభాగంలో, అడ్డంగా పెట్టిన గీతకి కనీసం 10 డిగ్రీలు పైకి, మొన కిందికి ఉండేలా బిగిస్తారు.

మా వాడు రెండోది అలాగే పెట్టించాడు, ఇప్పటిదాకా బాగానే ఉంది. ఇంకో మాట, మీటర్ తీసేస్తే సెన్సర్ కూడా విప్పేసి, ఆ బొక్కకి ప్లగ్ బిగించండి. కరెంట్ లేకుండా పొగలో ఉంటే మసి పట్టి పాడైపోతుంది.