బంతి, బుట్ట, నాలుగు వరుసల పట్టిక

సింగపూరులో పెరిగే మన పిల్లలకు బాస్కెట్‌బాల్ క్రొత్త ఆట కాదు. గృహసముదాయాల ప్రక్కనే దాని ఆటస్థలాలు కనిపిస్తాయి. జూన్, డిసెంబరు సెలవులు వచ్చినవంటే అదే ఆట ఇంట్లో వీడియో తెర మీదికి వస్తుంది. 1999లో మొదలైన ఎన్.బి.ఎ. 2కె వంటి ఆటలలో బంతి వేయడమే కాదు, శిక్షకుని బాధ్యత కూడా ఆడేవారిదే. ఆట వేగం ఎంత ఉండాలి, దూరం నుండి మూడు పాయింట్ల బంతులు ఎన్ని వేయాలి, రీబౌండు కోసం ఎందరు బుట్ట వద్దకు పోవాలి అన్నవి వారే నిర్ణయించాలి.

ప్రతి అమరికకూ లాభమున్నది, మూల్యమూ ఉన్నది. రీబౌండుకు ఎక్కువమందిని పంపితే మరొక అవకాశం దొరకవచ్చును. బంతి ప్రత్యర్థికి చిక్కితే మాత్రం వెనుక కాపలా ఉండదు. రెండు పాయింట్ల బంతులు నూటికి 50 పడితే ప్రయత్నానికి సగటున 1 పాయింటు వస్తుంది. మూడు పాయింట్ల బంతులు నూటికి 35 మాత్రమే పడినా 1.05 పాయింట్లు వస్తాయి.

మరి ఏ అమరిక మేలైనదో తెలిసేదెట్లా? ఒకటి మార్చి, ఒక ఆట గెలిచి, అదే మంచిదనుకోవడం సహజం. కాని 35 శాతం గురి గల జట్టు 20 బంతులు వేస్తే ఒకనాడు 5, మరొకనాడు 9 పడడం వింత కాదు. ఏమీ మార్చకుండానే 12 పాయింట్ల తేడా! అందుచేత అనేక ఆటలు ఆడి సగటు చూడాలి. మూడు అమరికలను ఒక్కొక్కటిగా మార్చుతూ, పాత పద్ధతిలో 10 ఆటలు, ప్రతి మార్పుకు 10 ఆటలు ఆడితే మొత్తం 40 అవుతాయి.

ఉష్ణోగ్రత, కాలం, ఉత్ప్రేరకం మార్చి చూసే రసాయన శాస్త్రజ్ఞులకూ ఇదే చిక్కు. దీనికి మార్గం చూపినవారిలో ప్రముఖులు మన తెలుగువారే. 1920లో హడగలిలో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 2023లో కీర్తిశేషులైన సి.ఆర్. రావు గారు 1940లలో ఆర్థోగొనల్ ఎర్రేల సిద్ధాంతాన్ని రూపొందించారు. తరువాత జపానుకు చెందిన టగూచి వంటివారు ఇటువంటి పట్టికలను కర్మాగారాలలో ప్రచారం చేశారు.

వాటిలో మిక్కిలి చిన్నది మన ఆటకు చాలును. వేగం, మూడు పాయింట్లు, రీబౌండు అనే వరుసలో:

1. తక్కువ, తక్కువ, తక్కువ
2. తక్కువ, ఎక్కువ, ఎక్కువ
3. ఎక్కువ, తక్కువ, ఎక్కువ
4. ఎక్కువ, ఎక్కువ, తక్కువ

ఒక్కొక్క వరుసకు 5 ఆటల చొప్పున 20 ఆటలు ఆడాలి. అప్పుడు ఏ అమరికను చూసినా తక్కువకు 10, ఎక్కువకు 10 ఆటలుంటాయి. రెండు ప్రక్కలా మిగిలిన అమరికలు సమంగా పంచబడి ఉంటాయి. 40 ఆటల పోలిక 20తోనే తీరినది. జట్లు, ఆట కాలం, కఠినత మార్చరాదు. ఏ ఆట ముందో చీట్లు తీసి నిర్ణయించాలి.

ఒక హెచ్చరిక. రెండు అమరికలు పరస్పరం గట్టిగా ప్రభావితం చేసుకుంటే ఈ పట్టిక దానిని విడదీసి చూపలేదు. అప్పుడు మొత్తం 8 కలయికలనూ పరీక్షించవలసిందే. స్వల్పమైన తేడాలు తేలడానికి 20 ఆటలూ చాలవు.

ఈసారి సెలవులలో పిల్లల చేత కాగితం మీద ఈ పట్టిక గీయించండి. ఒక్క పరీక్ష మార్కులు చూసి ట్యూషన్ మాన్పించే పెద్దలకూ ఆ కాగితం ఉపయోగపడుతుంది.