చీకటిలో చుక్కాని

ఫిబ్రవరి నెలలో మిర్చి కల్లాల దగ్గర కావలి పడుకొనేవారు ఆకాశంలో వరుసగా ఉండే మూడు చుక్కలను ఎరుగుదురు. మన పల్లెల్లో గొల్లకావడి అంటారు. అర్ధరాత్రి దాటేసరికి అవి పడమటికి దిగుతాయి. కావలివానికి అది గడియారం. అదే సమయంలో వాడరేవు, కొత్తపట్నం ఎదుట సముద్రం మీద ఉన్న జాలరికి అది ఇంటి దారి. ఆ చుక్కలు ఏ ఋతువులోనైనా ఇంచుమించు సరిగ్గా తూర్పున పుట్టి పడమట అస్తమిస్తాయి. మన ఒడ్డు ఉన్నది ఆ పడమటి దిక్కునే గదా!

తెరచాప పడవను రాత్రివేళ నడప నేర్చుకొనేవాడు ముందుగా కన్నులను చీకటికి అలవాటు చేసుకోవాలి. అందుకు అరగంట పడుతుంది. మధ్యలో ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది. తరువాత ధ్రువనక్షత్రం. మన ప్రాంతంలో అది ఉత్తరాన 16 డిగ్రీల ఎత్తునే ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఒకటిన్నర పిడికిలి ఎత్తు. దానిని కుడి భుజం వైపు ఉంచుకొంటే పడవ పడమటికి సాగుతుంది.

కాని దిక్కు తెలిసినంత మాత్రాన ఇల్లు చేరలేము. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది గనుక గాలి ఒడ్డు నుండి సముద్రం మీదికి వీస్తుంది. పగలు ఎండ ముదిరాక ఎదురు తిరుగుతుంది. అందుకే తెరచాపల కాలంలో జాలరులు తెల్లవారుజామున నేలగాలితో బయలుదేరి, మధ్యాహ్నపు సముద్రపు గాలితో తిరిగి వచ్చేవారు. రాత్రే రావలసివస్తే గాలికి అడ్డంగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వంకరలు తిరుగుతూ రావాలి. చాప కంటికి కనబడదు. చెంపకు తగిలే గాలిని బట్టి, చాప టపటపలాడే చప్పుడును బట్టి చుక్కాని సవరించాలి. నేర్చుకొనేవానికి చెమటలు పట్టేది ఇక్కడే.

మబ్బు కమ్మితే?

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం మన సంఘాల్లో తరచుగా చదువుతాము గాని, దానిలోని ఓడ పనిని అంతగా గమనించము. అనేక దినాలు సూర్యుడు గాని నక్షత్రాలు గాని కనబడలేదు. అర్ధరాత్రి నావికులకు నేల దగ్గరపడినట్టు తోచింది. వారు ఒడ్డుకు పరుగెత్తలేదు. గుండు వేసి లోతు చూశారు: 20 బారలు. కొంత దూరం పోయి మళ్లీ చూశారు: 15. వెంటనే వెనుక వైపున నాలుగు లంగరులు దించి తెల్లవారడం కోసం కనిపెట్టారు. ఒడ్డున విరిగే అలలలోనికి చీకట్లో పడవను తోలడం కంటె లోతు నీళ్లలో ఆగడమే క్షేమం. మన తీరానా అంతే.

ఇప్పుడు ఇంజన్లు, జి.పి.ఎస్. పరికరాలు, ఫోనుకు హెచ్చరికలు వచ్చాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటకముందే వేటకు పోవద్దని చెప్పగలిగారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన పెద్దలకు ఈ తేడా ఎంతటిదో తెలుసు. అయినా పరికరం తడిసిపోవచ్చు.

కొత్తవాడు మొదటి రాత్రి వెన్నెల ఉన్ననాడు, వాడరేవు లైట్‌హౌస్ వెలుగు కనబడేంత దూరంలోనే, అనుభవమున్న పెద్దవానిని పక్కన కూర్చోబెట్టుకొని వెళ్లాలి. వెనక్కి రావలసిన గంటను ఒడ్డున ఉన్నవారికి చెప్పి మరీ బయలుదేరాలి.