ఆగి ఉన్న బండిలో అరిగిపోయే బ్యాటరీ

కారు స్టార్ట్ చేసే బ్యాటరీకి పని కంటే ఖాళీగా ఉండటమే ఎక్కువ చేటు. సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టర్ మోటారు 150 ఆంపియర్ల దాకా లాగుతుంది, కానీ అది రెండు సెకన్ల పని. అందుకు ఖర్చయ్యే చార్జి ఆంపియర్ అవర్‌లో పదో వంతుకు కూడా చేరదు. అదే కారు తాళం వేసి నిలిపితే గడియారం, సెంట్రల్ లాకు, అలారం, ఇంజను కంప్యూటర్ కలిసి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు లాగుతూనే ఉంటాయి. 40 మిల్లీ ఆంపియర్ల లెక్కన రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్ పోతుంది. పదిసార్లు సెల్ఫ్ కొట్టినా అంత పోదు. చిన్న కార్లలో సాధారణంగా 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది కాబట్టి అది నెల రోజుల్లో అడుగంటుతుంది.

ఈ బ్యాటరీ మూలరూపాన్ని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. రెండు సీసపు రేకుల మధ్య గుడ్డ పెట్టి, చుట్టగా చుట్టి, గంధకామ్లంలో ముంచాడు. 1881లో కామిల్ ఫోర్ సీసపు సమ్మేళనాలను ముద్దగా చేసి రేకులకు పట్టించడంతో దాని శక్తి బాగా పెరిగింది, ఫ్యాక్టరీలో తయారీ కూడా వీలైంది. 1912లో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్‌ను కాడిలాక్ కార్లలో అమర్చారు. హ్యాండిల్ తిప్పి ఇంజను లేపే బాధ తప్పించి, బ్యాటరీని ప్రతి కారుకూ తప్పనిసరి చేసిన మార్పు అదే.

ఈ కథలో ఆంధ్ర నేలకూ చోటుంది. మార్కాపురానికి ఈశాన్యంగా, వినుకొండ దగ్గరి అగ్నిగుండాల ప్రాంతంలో సీసపు ఖనిజం ఉంది. బండ్లమొట్టు దగ్గర హిందుస్థాన్ జింక్ సంస్థ గని నడిపింది. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా బ్యాటరీస్ తిరుపతి దగ్గరి కరకంబాడిలో మొదట టెలిఫోన్, రైల్వే అవసరాలకు సీల్డు బ్యాటరీలు చేసి, 2000లో అమరాన్ పేరుతో వాహనాల బ్యాటరీలను మార్కెట్లోకి తెచ్చింది.

పెట్టె లోపల జరిగే రసాయన చర్య ప్లాంటే నాటిదే. చార్జి దిగేకొద్దీ పాజిటివ్, నెగటివ్ ప్లేట్లు రెండింటి మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, ఆమ్లం పలచబడుతుంది. వెంటనే చార్జింగ్ పెడితే ఆ సల్ఫేట్ తిరిగి కరుగుతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే సన్నటి స్ఫటికాలు పెరిగి గట్టిపడి ప్లేట్లకు అంటుకుపోతాయి, తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పూర్తిగా కరగవు. అంటే బ్యాటరీ డౌన్ కావడం అసలు నష్టం కాదు, డౌన్ అయి అలా పడి ఉండటమే నష్టం. మూతలు తీయగలిగే బ్యాటరీలో చార్జి ఎంత ఉందో హైడ్రోమీటరులో కనిపిస్తుంది. రబ్బరు బుడ్డి నొక్కి ఆమ్లాన్ని గాజు గొట్టంలోకి పీలిస్తే, చార్జి నిండిన సెల్‌లో ఆ గొట్టంలోని తేలుడు పైకి లేస్తుంది, దిగిపోయిన సెల్‌లో మునిగిపోతుంది.

పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో ఈ నష్టానికి ఎండ తోడవుతుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. బ్యాటరీ తనంతట తాను చార్జి కోల్పోయే వేగం ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుంది. పనుల కోసం హైదరాబాదు, బెంగళూరు వెళ్లిన కుటుంబాల ఇళ్ల ముందు రేకుల షెడ్డు కింద ఉండిపోయిన కారైనా, వర్షాధార చేలలో దుక్కులయ్యాక పక్కన పెట్టిన ట్రాక్టరైనా ఈ వేడికి లోబడేవే. పాత ట్రాక్టరులో కరెంటు లాగే కంప్యూటర్లు ఉండవు కాబట్టి అది కారు కంటే ఎక్కువ కాలం తట్టుకుంటుంది, అంతే.

వారానికోసారి పది నిమిషాలు ఇంజను ఆన్‌లో ఉంచితే చాలన్న నమ్మకం బలంగా ఉంది. అది సరికాదు. ఐడిలింగ్‌లో ఆల్టర్నేటర్ ఇచ్చేది తక్కువ, బ్యాటరీ చివరి ఇరవై శాతం చార్జి తీసుకోవడానికి గంటలు పడుతుంది. అరగంటకు తగ్గకుండా రోడ్డు మీద నడిపితేనే కొంత ఫలితం ఉంటుంది.

నెలకు మించి ఆపే బండికి నెగటివ్ వైరు తీసేయడం ఖర్చులేని మార్గం. ముందు నెగటివ్ తీయాలి, మళ్లీ బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. లేకపోతే పాజిటివ్ మీద ఉన్న పానా బండి బాడీకి తగిలి షార్ట్ అవుతుంది. వైరు తీస్తే సెంట్రల్ లాకు పనిచేయదు, గడియారం సమయం పోతుంది. పైగా వేడికి జరిగే నష్టాన్ని ఇది ఆపలేదు.

అందుకు మెయింటైనర్ చార్జర్ ఉంది. చార్జి నిండగానే అది తనే వోల్టేజి తగ్గించుకొని, 25 డిగ్రీల దగ్గర 13.5 వోల్టుల చుట్టూ నిలుపుతుంది. 40 డిగ్రీల వేడిలో అది 13.2కు దిగాలి, లేకపోతే ఆమ్లంలోని నీరు వాయువులుగా విడిపోయి తగ్గిపోతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో ఉష్ణోగ్రతను బట్టి సర్దుకునే చార్జరే కొనాలి. కరెంటు లేని పొలం షెడ్డుకు కంట్రోలరుతో కూడిన 10 వాట్ల సోలార్ ప్యానెల్ చాలు. మంచి ఎండలో అది రోజుకు మూడు ఆంపియర్ అవర్ల వరకు ఇస్తుంది, పోయే ఒకటి కంటే ఇది ఎక్కువ. చార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది కనుక గాలి ఆడేచోటే పెట్టాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటరుతో కొలిస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు లేదా ఆపైన చూపిస్తుంది. 12.4కు దిగితే సల్ఫేట్ గట్టిపడక ముందే చార్జింగ్ పెట్టించాలి.