గొంతులు ఆగిన తరువాత: బుద్ధికి తిరిగి సాధన

మనలి పారిశ్రామికవాడలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. ఐటీఐ చదువు ముగిసే దశలో అతనికి ఎవరో తనను వెంటాడుతున్నారన్న అనుమానం మొదలైంది. ఎదుట ఎవరూ లేకున్నా గొంతులు వినిపించాయి. ఇంటివారు ముందు దిష్టి తీయించారు, పిదప వైద్యుని వద్దకు తీసుకువెళ్లారు. మందులతో మూడు నెలలలో గొంతులు ఆగిపోయాయి, అనుమానాలు సద్దుమణిగాయి. కుటుంబం ఊపిరి పీల్చుకుంది. కాని అతడు పుస్తకం తెరిస్తే ఒక పేజీ దాటడు. బజారు నుండి మూడు వస్తువులు తెమ్మంటే ఒకటి తెస్తాడు. "జబ్బు తగ్గింది కదా, ఇంకా ఈ బద్ధకం ఏమిటి?" అని తండ్రి విసుక్కుంటాడు.

ఆ ప్రశ్నకు జవాబు తెలియకపోవడం వల్లనే ఎందరో యువకుల చదువులు, ఉద్యోగాలు మధ్యలో ఆగిపోతున్నాయి.

బద్ధకం కాదు

సైకోసిస్ అనే మనోవ్యాధి తొలిసారి బయటపడేది తరచుగా పదిహేను, ముప్పై ఏళ్ల మధ్యలో. లేని గొంతులు వినిపించడం, నిరాధారమైన అనుమానాలు దాని బహిరంగ లక్షణాలు. వీటిని అణచడంలో మందులు బాగా పనిచేస్తాయి. అయితే ఏకాగ్రత, విన్నదానిని క్షణకాలం మనసులో నిలుపుకొనే శక్తి, ఆలోచన వేగం, పనిని వరుసగా యోచించి చేసే నేర్పు కూడా చాలామందిలో దెబ్బతింటాయి. వీటిపై మందుల ప్రభావం స్వల్పమే. ఫోర్‌మన్ ఒకే గుక్కలో మూడు పనులు చెబితే రెండవది జారిపోయేది ఇందువల్లనే. సోమరితనమని నిందిస్తే ఉన్న కాస్త ధైర్యమూ సన్నగిల్లుతుంది.

సాధన ఎలా సాగుతుంది?

ఈ లోటును పూడ్చేందుకు చేసే చికిత్సను వైద్యులు కాగ్నిటివ్ రీట్రైనింగ్ అంటారు. తెలుగులో మేధో పునఃశిక్షణ అనుకోవచ్చు. విరిగిన కాలికి కట్టు విప్పిన తరువాత నడక నేర్పించినట్లే ఇదీను. రోగి సులభంగా చేయగలిగిన పనితో ఆరంభించి, తప్పులు తక్కువగా వచ్చేటట్లు మెల్లమెల్లగా కష్టం పెంచుతారు. చేయవలసినది పైకి చెప్పుకుంటూ చేయడం, కాగితంపై వరుస రాసుకోవడం, పెద్ద పనిని ముక్కలు చేయడం వంటి ఉపాయాలు నేర్పుతారు. నేర్చినది నిత్యజీవితంలో వాడించడం చివరి మెట్టు. కంప్యూటర్ ఆటలో మార్కులు పెరిగినంత మాత్రాన ఉద్యోగం రాదు.

దీనికి ఖరీదైన యంత్రాలే కావాలన్న నియమం లేదు. బెంగళూరులోని నిమ్హాన్స్ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, తొలి విడత స్కిజోఫ్రీనియాకు గురైన 45 మందిలో 22 మందికి మందులతో పాటు ఇంటివద్దనే కుటుంబ సభ్యుల సాయంతో సాధన చేయించారు. మందులు మాత్రమే వాడిన వారితో పోలిస్తే వీరిలో ఏకకాలంలో రెండు విషయాలపై దృష్టి నిలపడం, పరిస్థితిని బట్టి ఆలోచన మార్చుకోవడం, ప్రణాళిక వేయడం మెరుగుపడ్డాయి. కలిపిన ధాన్యాలను వేరుచేయడం, పత్రికలో ఒక అక్షరం కనిపించిన చోటల్లా కొట్టివేయడం ఈ తరహా సాధనలే. ఏది, ఎంతసేపు అన్నది మాత్రం నిపుణులే నిర్ణయించాలి.

ఆశ ఎంత, హద్దు ఎంత?

2021లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష ప్రపంచవ్యాప్తంగా జరిగిన 130 అధ్యయనాలను పరిశీలించింది. మేలు నిజమేనని, కాని ఓ మోస్తరుదేనని తేల్చింది. శిక్షకుడు దగ్గరుండి నడిపించి, ఉపాయాలు నేర్పి, ఉద్యోగ శిక్షణ వంటి పునరావాసంతో జోడించినచోట ఫలితం ఎక్కువ. సాధన మందులకు బదులు కాదు. గొంతులు ఆగాయని మాత్రలు మానితే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఉంది. వణుకు తగ్గడానికి ఇచ్చే కొన్ని మాత్రలు మరపును పెంచవచ్చు. కనుక ఆ సంగతి వైద్యునితో చర్చించాలే తప్ప స్వయంగా ఆపరాదు.

చెన్నై చూపిన దారి

ఈ విషయంలో చెన్నైకి విశేషమైన చరిత్ర ఉంది. కీల్పాక్ మానసిక వైద్యశాల 1794 నాటిది. దానికి సూపరింటెండెంటుగా పనిచేసిన డాక్టర్ శారదా మేనన్ 1984లో స్కార్ఫ్ సంస్థను స్థాపించారు. ఆ సంస్థ కెనడాలోని మాంట్రియల్ నిపుణులతో కలిసి తొలి విడత రోగులను రెండేళ్లపాటు పరిశీలించింది. గొంతులు, అనుమానాలు తగ్గడంలో రెండు నగరాలకూ పెద్ద తేడా కనిపించలేదు. ఉత్సాహం, చొరవ తిరిగి రావడంలో మాత్రం చెన్నై రోగులే మెరుగు. చికిత్సలో కుటుంబాలు ఎక్కువగా పాలుపంచుకోవడం ఇందుకొక కారణమని తేలింది. విసుక్కునే ఆ తండ్రి చేతిలోనే సగం మందు ఉందన్నమాట.

ఇంటివారు చేయదగినవి

ఒకసారి ఒకే పని చెప్పండి. చెప్పినది తిరిగి చెప్పించుకోండి. మాట్లాడేటప్పుడు టీవీ ఆపండి. రోజూ ఒకే వేళకు నిద్ర, కొంత నడక ఉండేటట్లు చూడండి. ఇంట తెలుగు, వీధిలో తమిళం, తరగతిలో ఆంగ్లం పలికే మనలి పిల్లలకు సాధన మొదట తెలుగులోనే సాగడం సులువు. ఉద్యోగంలో తిరిగి చేరేవేళ వీలైతే రాత్రి షిఫ్టు వద్దని వైద్యుని లేఖతో కోరండి. నిన్నటికన్నా నేడు ఎంత చేశాడో చూడండి. పక్కింటి కుర్రవాడితో పోల్చకండి.

సలహా కోసం 2022లో ఆరంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. మూడు వస్తువులు తెమ్మంటే ఒకటి తెచ్చిన కుర్రవాడు, చీటీ చేతబట్టుకుని మూడూ తెచ్చిన రోజున ఇంటివారు మెచ్చుకోవాలి. ఉద్యోగం దాకా సాగే దారి ఆ చీటీతోనే మొదలవుతుంది.