పక్క సీటు జీతం

సంబంధం మాట్లాడుకునేటప్పుడు అబ్బాయి ప్యాకేజీ ఎంతని మొదటి ఫోన్‌లోనే అడిగేస్తాం. ఆఫీసులో పక్క సీటు వాళ్లని అదే మాట అడగాలంటే మాత్రం నోరు పెగలదు. చివరికి ఏ లంచ్ దగ్గరో ఎవరో నోరు జారితే, ఒకే పనికి రెండు జీతాలున్నాయని బయటపడుతుంది.

లిల్లీ లెడ్‌బెటర్‌కి ఆ సంగతి ఒక చీటీ వల్ల తెలిసింది. ఆమె 1979లో అలబామాలోని గాడ్స్‌డెన్‌లో గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో చేరారు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో పేరు రాయకుండా ఆమెకో కాగితం ముక్క అందేలా చేశారు. కోర్టుకెక్కిన లెక్క ప్రకారం 1997 చివర్లో ఆమె జీతం నెలకు 3,727 డాలర్లు. అదే హోదాలోని మగవాళ్లలో అందరికన్నా తక్కువ తెచ్చుకునే వ్యక్తికి 4,286, అందరికన్నా ఎక్కువ తెచ్చుకునే వ్యక్తికి 5,236. జ్యూరీ ఆమె వైపే తీర్పిచ్చింది. 2007లో సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో కేసు కొట్టేసింది. జీతం నిర్ణయించిన 180 రోజుల్లోపే ఫిర్యాదు చేయాల్సిందట! తెలియని అన్యాయం మీద గడువులోగా ఫిర్యాదు ఎలా చేస్తారో ఆ అయిదుగురికే తెలియాలి. 2009 జనవరి 29న ఒబామా సంతకం చేసిన చట్టం ఆమె పేరు మీదే వచ్చింది. వివక్షతో తగ్గించిన జీతం అందిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదలవుతుందని అది తేల్చింది. ఆమెకు మాత్రం కంపెనీ నుంచి పైసా రాలేదు.

మనలో చాలామంది వచ్చిన హెచ్‌-1బీ వీసా దారిలో జీతం అసలు రహస్యమే కాదు. ఆ ఉద్యోగానికి ఆ ప్రాంతంలో నడుస్తున్న జీతం, అదే పని చేసే అదే అర్హతల వాళ్లకి కంపెనీ ఇస్తున్న జీతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది ఇస్తానని యజమాని అమెరికా కార్మిక శాఖకి ఎల్‌సీఏ (లేబర్ కండిషన్ అప్లికేషన్) అనే దరఖాస్తులో మాటివ్వాలి. బ్రేక్ రూమ్ గోడకి అంటించే, ఎవరూ చదవని ఆ నోటీసు అదే. అందులో జీతం అంకెతో సహా ఉంటుంది. కార్మిక శాఖ ఈ వివరాలను ఆన్‌లైన్‌లో కూడా పెడుతుంది.

తేడా ఉన్నంత మాత్రాన అది నేరం కాదు. 1963 నాటి సమాన వేతన చట్టం ఆడ, మగ తేడాకే వర్తిస్తుంది. సీనియారిటీ లాంటి కారణాలను ఒప్పుకుంటుంది. మనవాళ్ల విషయంలో తరచూ జరిగేది వేరు. పాతవాళ్లు పాత రేటులోనే ఉండిపోతారు, కొత్తవాళ్లు మార్కెట్ రేటుకి వస్తారు. కూరగాయల దగ్గర గీచిగీచి బేరమాడే మనం ఆఫర్ లెటర్ దగ్గర మాత్రం తలూపేస్తాం.

అందుకని మేనేజర్ దగ్గర పక్కవాళ్ల పేరెత్తకండి, అంకె చూపించండి. కొలరాడోలో 2021 నుంచి, కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 2023 నుంచి ఉద్యోగ ప్రకటనల్లో జీతం పరిధి చెప్పాలన్న చట్టాలున్నాయి. మీ ఉద్యోగానికే మీ కంపెనీ ఇచ్చిన ప్రకటన చదివి వెళ్లండి. 1935 నాటి కార్మిక సంబంధాల చట్టం కింద ప్రైవేటు ఉద్యోగుల్లో చాలామంది తమ జీతాల గురించి మాట్లాడుకోవచ్చు. సూపర్‌వైజర్ల లాంటి కొందరికి ఆ రక్షణ లేదు.

కొత్తగా వచ్చిన పిల్లలు ఎంత అడగాలని మిమ్మల్ని అడిగితే నవ్వి ఊరుకోకండి. మీ అంకె చెప్పండి.