కోతకంటే పరిగె మేలు

కోతమిషన్లు రాకముందు తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో కూర్చుంటే, కోతలైన చేలల్లో పరిగె ఏరుకునే స్త్రీలు కనిపించేవారు. కుప్ప ఆసామిది, నేలరాలిన వెన్ను పేదవారిది. తన కోతకంటే ఎదుటివాడి పరిగే గొప్పదని ఎవరైనా అంటారా? గిద్యోను అన్నాడు.

దేవుడు 300 మందితోనే మిద్యానీయుల మీద విజయమిచ్చిన తరువాత, ఎఫ్రాయిమీయులు గిద్యోను మీదికి గొడవకు వచ్చారు. యుద్ధానికి తమనెందుకు పిలవలేదన్నది వారి కోపం. గెలిచి వస్తున్నవాడు గట్టిగానే జవాబివ్వగలడు. కాని శత్రు అధిపతులైన ఓరేబు, జెయేబులను దేవుడు మీ చేతికే అప్పగించాడు కదా, మీ ముందు నేను చేసిందెంత, మా కోతకంటే మీ పరిగే మేలు అన్నాడు. వారి కోపం చల్లారింది (న్యాయాధిపతులు 8వ అధ్యాయం).

కొంతకాలానికి అదే గోత్రం, అదే ఫిర్యాదుతో యెఫ్తా మీదికి వచ్చింది (12వ అధ్యాయం). ఈసారి ఇల్లు తగలబెడతామని బెదిరించారు కూడా. ‘నేను పిలిచాను, మీరే రాలేదు’ అన్నాడు యెఫ్తా. ఆ మాట అబద్ధమని బైబిలు అనదు. కాని ఆ జవాబు వెనుకే కత్తులు లేచాయి. యొర్దాను రేవుల దగ్గర ‘షిబ్బోలెతు’ అని సరిగా పలకలేనివారిని చంపారు. ఆ హెబ్రీ మాటకు ధాన్యపు వెన్ను అనే అర్థముంది. ఆ కలహంలో 42,000 మంది ఎఫ్రాయిమీయులు కూలిపోయారు.

గిద్యోనుది ముఖస్తుతి కాదు. ఆ అధిపతులను పట్టుకున్నది నిజంగా వారే. ఉన్న నిజాల్లో ఎదుటివారిని గౌరవించే నిజాన్ని ఆయన ముందు చెప్పాడు. గెలుపు దేవునిదని ఎరిగినవాడు గనుక పేరు పంచివ్వడం ఆయనకు బరువు కాలేదు.

బాపట్ల వైపు ఒక పల్లె సంఘంలో ఉన్నప్పుడు నేను యెఫ్తాలాగే మాట్లాడాను. ‘క్రిస్మస్ కమిటీకి నన్నెందుకు పిలవలేదయ్యగారూ?’ అని ఒక పెద్దాయన అందరిముందు అడిగారు. ‘కబురు పంపాం, మీరే రాలేదు’ అన్నాను. నిజమే చెప్పాను. ఆయన మాత్రం గుడికి రావడం మానేశారు. రెండు నెలలు నా నిజాన్ని నేనే మోసుకు తిరిగి, చివరికి ఆయన ఇంటికి వెళ్లాను. ‘గుడి గోడలు లేపినప్పుడు ఇసుక మోసింది మీరు. ఆ మాట ఆ రోజే అనవలసింది, క్షమించండి’ అన్నాను. ఆయనేమీ అనలేదు. టీ పెట్టమని లోపలికి కేకేశారు. తరువాతి ఆదివారం ఆయన కుర్చీ ఖాళీగా లేదు.

మన మాట కృపతో, ఉప్పు వేసినట్టు రుచిగా ఉండాలని కొలస్సయులకు వ్రాసిన పౌలు అప్పుడు బంధకాల్లో ఉన్నాడు. సత్యం కోసం సంకెళ్లు వేయించుకున్నవాడే మాటకు రుచి ఉండాలంటున్నాడు. ఈ వారం ఎవరైనా ‘నన్నెందుకు పిలవలేదు?’ అని నిలదీస్తే, నాది తప్పు కాదని చెప్పేముందు ఒక్క క్షణం ఆగుదాం. వారు ఏరిన పరిగె ఏదో జ్ఞాపకం చేసుకుందాం.