తాతయ్య చేతి వణుకు... తొమ్మిదో తరగతి పాఠం

మైటోకాండ్రియాను ఏమంటారని అడిగితే హైస్కూలు పిల్లలు ‘కణ శక్త్యాగారాలు’ అని ఠక్కున చెబుతారు. ఒక మార్కు పడుతుంది, పాఠం అక్కడితో ఆగిపోతుంది. ఇంట్లో తాతయ్య చేయి ఎందుకు వణుకుతోందో కొంతవరకు చెప్పేదీ ఈ పాఠమే.

మన శరీర బరువులో మెదడు వాటా సుమారు 2 శాతం. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో మాత్రం దాదాపు 20 శాతం దానికే పోతుంది. చర్మకణాలు పోతే కొత్తవి పుడతాయి. నాడీకణాల్లో చాలావాటికి ఆ వీలు లేదు. చిన్ననాటి కణాలే జీవితాంతం పనిచేయాలి. వెన్నుపాము నుంచి కాలి వైపు సాగే నాడీతంతువు మీటరు దాకా ఉంటుంది. ఆ పొడవునా మైటోకాండ్రియా శక్తిని అందించాలి.

మైటోకాండ్రియాకు 37 జన్యువులున్న సొంత డీఎన్‌ఏ ఉంది. వయసు పెరిగేకొద్దీ అందులో లోపాలు పేరుకుంటాయి. పాడైన మైటోకాండ్రియాను కణం తానే తొలగించుకుంటుంది కానీ ఆ పనీ మందగిస్తుంది. శక్తి చాలక నాడీకణాలు నీరసిస్తాయి.

దీనికి గట్టి ఆధారం 1982లో అమెరికాలోని కాలిఫోర్నియాలో దొరికింది. కల్తీ మత్తుమందు వాడిన కొందరు యువకులు ఉన్నట్టుండి కొయ్యబారిపోయారు. లక్షణాలన్నీ ముసలితనంలో వచ్చే పార్కిన్సన్స్‌ వ్యాధివే. డాక్టర్‌ విలియం లాంగ్‌స్టన్‌ బృందం ఆరా తీస్తే ఎంపీటీపీ అనే రసాయనం బయటపడింది. మెదడులో డోపమిన్‌ తయారుచేసే కణాల్లోని మైటోకాండ్రియాను అది దెబ్బతీస్తుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

పార్కిన్సన్స్‌కు కారణం ఇదొక్కటే కాదు. ప్రతి వణుకూ పార్కిన్సన్స్‌ కాదు. అలాగని ‘వయసు మీద పడింది, అంతే’ అని వదిలేయకూడదు. ఊరకే కూర్చున్నప్పుడు చేయి వణకడం, అడుగులు చిన్నవి కావడం, చేతిరాత కుదించుకుపోవడం కనిపిస్తే నరాల డాక్టరుకు చూపించాలి. వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు లేకపోయినా, బాధను తగ్గించే మందులున్నాయి. వ్యాయామమూ మేలు చేస్తుంది.

మన బడుల పిల్లలు ఇక్కడ చేయగలిగింది చాలా ఉంది. తాతయ్య తన బాధ తెలుగులో చెబుతారు. ఆస్పత్రిలో అడిగేది కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో. రెండు భాషలూ వచ్చింది మనవడికే. అందుకే మైటోకాండ్రియా పాఠం రోజున మాస్టార్లు ఒక చిన్న ఇంటిపని ఇవ్వాలని కోరుతున్నాం: తాతయ్య, నానమ్మల నడకను, చేతిరాతను గమనించి రండి. అమ్మానాన్నలారా, పిల్లలు చెప్పేది కాస్త చెవిన పెట్టండి.